పాత స్కోరు పుస్తకాలు కిలోల లెక్కన పోతున్నాయి, మంత్రిగారూ

గౌరవనీయులైన తమిళనాడు యువజన సంక్షేమ, క్రీడాభివృద్ధి శాఖ మంత్రిగారికి,

నమస్కారం.

నేను ఉత్తర చెన్నైలో బడిపిల్లలకు డ్రిల్ చెప్పి రిటైరయిన మాస్టారిని. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, గ్రౌండులో రెండూ కలగలిసిన మద్రాసు భాష. ఈ ఉత్తరం తమిళ ప్రతిని మీ ఆఫీసుకు పోస్టులో పంపాను. తెలుగులో కూడా రాసి పదిమంది ముందు పెట్టడానికి కారణం ఉంది. అది కాస్త ముందుకు పోయాక చెబుతాను.

మీకు రోజూ వచ్చే అర్జీలు ఎన్నో నేను ఊహించగలను కాబట్టి అడిగేది ముందే చెప్పేస్తాను. ఈ ఊళ్ళో పాత ఆటగాళ్ళ కాగితాలు చాలా ఇళ్ళల్లో, పాత క్లబ్బుల బీరువాల్లో పడి ఉన్నాయి. స్కోరు పుస్తకాలు, కమిటీ మినిట్స్, టోర్నమెంట్ నోటీసులు, జట్టు గ్రూపు ఫోటోలు, సర్టిఫికెట్లు. వాటిని పోగుచేసి, స్కాన్ చేసి, ఎవరైనా చూసుకునేలా పెట్టే ఒక చిన్న విభాగం మీ శాఖలో ఏర్పాటు చేయించండి. కొత్త భవనం వద్దు. భవనమంటే స్థలం, టెండరు, కోర్టు కేసు, శంకుస్థాపన రాయి అన్నీ వస్తాయి, లోపల పెట్టాల్సిన కాగితం ఈలోపు చెదలపాలవుతుంది. విగ్రహాలు కూడా వద్దు. ఈ ఊళ్ళో వాటికి కొదవ లేదు.

మా వీధి చివర పాత ఇనుము, పాత పేపర్లు కొనే కొట్టు ఉంది. ఇక్కడ కాయలాన్ కడై అంటారు. కొట్టతను నాకు బాగా తెలిసినవాడు. ఆటలకు సంబంధించిన పుస్తకం ఏదన్నా వస్తే తూకం వెయ్యకముందే నాకు చూపించమని చెప్పి ఉంచాను. అలా ఒకసారి ఎర్రగుడ్డ అట్ట వేసిన పొడుగాటి చిట్టా పుస్తకం చేతికిచ్చాడు. కిరాణా పద్దు కాబోలనుకున్నాడట. తెరిచి చూస్తే అది ఒక ఫుట్‌బాల్ క్లబ్బు లెక్కల పుస్తకం, 1951 నాటిది. వర్క్‌షాపు పనివాళ్ళు నడుపుకున్న క్లబ్బు. ఎడమ పేజీలో ఖర్చులు, కుడి పేజీలో జట్టు. ఊదారంగు పెన్సిల్‌తో రాశారు, తేమ తగిలినచోట అక్షరం ఉబ్బి పక్క అక్షరం మీదికి పాకింది. బ్లాడర్ పంక్చరు 3 అణాలు. నిమ్మకాయలు 2 అణాలు. ఐసు 1 అణా. రిఫరీకి ట్రాం చార్జీ. మద్రాసులో ట్రాములు 1953లో ఆగిపోయాయి. ఆ ఒక్క పద్దు చాలు, అది ఏ కాలమో కళ్ళకు కట్టడానికి.

కుడి పేజీలో పేర్లు చూస్తే ముచ్చటేసింది. ఒకరు తెలుగు, ఒకరు తమిళం, ఒకరు ఆంగ్లో ఇండియన్, ఒకరు ముస్లిం. వాళ్ళ పేర్లు ఇక్కడ రాయను, వాళ్ళ పిల్లలో మనవళ్ళో ఉంటారు, ముందు వాళ్ళను అడగాలి. ఒక మ్యాచ్ కింద ఇలా ఉంది: “గోల్‌కీపరుకు నైట్ షిఫ్టు. తమ్ముణ్ణి పంపాడు. 4 గోల్స్ పడ్డాయి.” తమ్ముడి మీద ఇంకేమీ రాయలేదు, పెద్దమనుషులు. పుస్తకంలో వెనక సగం లేదు. చింపిన చోట కుట్టుదారం వేలాడుతోంది. ఆ పేజీల్లో పక్కవీధి బజ్జీల బండివాడు పొట్లాలు కట్టేసి ఉంటాడు.

ఇది ఎవరో పెద్ద ఆటగాడి పుస్తకం కాదు. కానీ పెద్ద ఆటగాళ్ళ కథ కూడా ఇలాంటి పుస్తకాల మీదే నిలబడి ఉంది. ఉదాహరణకు మీ ఊరి మొదటి క్రికెట్ పెద్దమనిషినే తీసుకుందాం.

మైలాపూరు లజ్‌లో మోతవరపు వెంకట మహీపతి నాయుడు అనే ఆయన ఉండేవారు. ఆ పేరు ఎవరికీ తెలియదు, బుచ్చిబాబు అంటే చాలామందికి తెలుసు. 1868లో పుట్టారు. పారీ కంపెనీకి దుబాషీలుగా పనిచేసిన తెలుగు కుటుంబం, ఆస్తికి లోటు లేదు. అప్పటికే చెపాక్‌లో దొరల క్లబ్బు ఉంది, 1846లో పెట్టినది. అక్కడ మనవాళ్ళకు పెవిలియన్‌లో చోటు లేదు, చెట్ల నీడే దిక్కు. బుచ్చిబాబు అర్జీలు పెట్టుకుంటూ కూర్చోలేదు. ఇరవై ఏళ్ళ వయసులో, 1888లో, మద్రాస్ యునైటెడ్ క్లబ్ అని సొంతంగా పెట్టారు. ఎస్ప్లనేడ్‌లో గ్రౌండు, బ్యాట్లు, బంతులు, ఆటగాళ్ళకు బట్టలు, అన్నీ తన చేతి డబ్బుతో. స్తోమత లేని కుర్రాళ్ళను కూడా చేరదీసి ఆడించారు. తమ ఆట దొరల ఆటకు తీసిపోదని చూపించడానికి దొరలతో ఏటా ఒక మ్యాచ్ ఆడాలని పట్టుబట్టి, చివరికి వాళ్ళను ఒప్పించారు. 1908 చివర్లో మ్యాచ్ ఇంకా కొద్ది రోజులుందనగా ఆయన కన్నుమూశారు. నలభై ఏళ్ళకే. మ్యాచ్ మాత్రం జరిగింది. తర్వాత అదే పెరిగి, సంక్రాంతి రోజుల్లో చెపాక్‌లో ఆడే ప్రెసిడెన్సీ మ్యాచ్ అయింది. ఆయన పేరు మీద పెట్టిన ట్రోఫీని ఇప్పటికీ ఆడుతున్నారు.

ఆ ట్రోఫీ ఆడే కుర్రాళ్ళను నేను అడిగి చూశాను, బుచ్చిబాబు ఎవరని. ఒకడు పాతకాలం స్పాన్సర్ అన్నాడు. ఒక విధంగా నిజమేలెండి.

ఆయన కొడుకుల్లో చిన్నవాడి కథ ఇంకా విచిత్రం. తాతగారి ఇంటికి దత్తు వెళ్ళడంతో కోట రామస్వామి అయ్యారు. 1896లో పుట్టారు. కేంబ్రిడ్జ్‌లో చదువుకుంటూ టెన్నిస్‌లో పేరు తెచ్చుకుని 1922లో డేవిస్ కప్‌లో భారత్ తరఫున ఆడారు. తిరిగొచ్చి వ్యవసాయ శాఖలో ఉద్యోగం చేసుకుంటూ క్రికెట్ ఆడారు. 1936 ఇంగ్లండ్ టూరుకు ఎంపికయ్యేసరికి ఆయనకు నలభై. మాంచెస్టర్‌లో మొదటి టెస్టు ఆడి 40, 60 కొట్టారు. ఓవల్‌లో 29, తర్వాత 41 నాటౌట్. రెండు టెస్టులు, 170 పరుగులు, సగటు 56కు పైన. అక్కడితో ఆయన టెస్టు క్రికెట్ అయిపోయింది. ఈ రోజుల్లో ముప్ఫై ఐదు దాటిన ఆటగాడు సరిగ్గా ఆడకపోతే టీవీలో పెద్ద పంచాయితీ పెడతారు. ఈయన నలభైలో మొదలుపెట్టారు! ఆ తర్వాత 1952-53లో వెస్టిండీస్ వెళ్ళిన భారత జట్టుకు మేనేజరుగా కూడా వెళ్ళొచ్చారు.

ఇక చివర. 1985 అక్టోబరు 15 ఉదయం, ఎనభై తొమ్మిదేళ్ళ వయసులో, మద్రాసులో తన ఇంట్లోంచి బయటికి వెళ్ళారు. తిరిగి రాలేదు. ఏమయ్యారో ఎవరికీ తెలియలేదు. క్రికెట్ రికార్డుల పుస్తకాల్లో ఆయన పేరు పక్కన మరణించి ఉంటారని భావిస్తున్నట్టు రాసుకున్నారు. దేశం తరఫున రెండు ఆటలు ఆడిన మనిషి, ఇంత పెద్ద నగరంలో, పట్టపగలు మాయమైపోయాడు. ఆయన గురించి మనకు ఇన్ని సంగతులు తెలియడానికి కారణం ఆయన తన కథ తానే రాసి అచ్చువేసుకోవడం. రాయనివాళ్ళ సంగతేమిటి?

రాయనివాళ్ళంటే గుర్తొచ్చింది, రంజీ ట్రోఫీ మొట్టమొదటి మ్యాచ్ జరిగింది మన చెపాక్‌లోనే. 1934 నవంబరు 4, మద్రాసు, మైసూరు జట్ల మధ్య. మొదటి బంతి వేసింది ఎం.జె. గోపాలన్. మైసూరు 48, 59. మద్రాసు 130. ఇన్నింగ్స్ 23 పరుగుల తేడాతో ఒక్కరోజులో ఆట ముగిసింది. ఎ.జి. రామ్‌సింగ్ 11 వికెట్లు తీశారు. ఆ రామ్‌సింగ్‌కు ఒక్క టెస్టు కూడా దక్కలేదు, ఆయన కొడుకులు కృపాల్ సింగ్, మిల్కా సింగ్ ఇద్దరూ మాత్రం దేశానికి ఆడారు. గోపాలన్‌ది ఇంకో తమాషా. హాకీ కూడా ఆడేవారు, ధ్యాన్‌చంద్‌తో కలిసి న్యూజిలాండ్ టూరు చేసివచ్చారు. 1936లో ఆయన ముందు రెండు దారులు: హాకీ జట్టుతో బెర్లిన్ ఒలింపిక్స్, లేదా క్రికెట్ జట్టుతో ఇంగ్లండ్. క్రికెట్ ఎంచుకున్నారు. హాకీ జట్టు బంగారు పతకంతో తిరిగొచ్చింది. ఇంగ్లండులో గోపాలన్‌ను ఒక్క టెస్టులోనూ ఆడించలేదు. ఆయన మొత్తం మీద ఆడిన టెస్టు అంతకు ముందు కలకత్తాలో ఆడిన ఒక్కటే. 2003 డిసెంబరులో చెన్నైలో పోయారు. అంటే మీ మా కళ్ళముందు వరకు ఉన్నారు. ఆయన చేత ఎన్ని గంటలు మాట్లాడించి రికార్డు చేసి పెట్టుకోవచ్చో ఆలోచించండి. రంజీ మొదటి బంతి వేసిన చెయ్యి అది.

హాకీ మాట వచ్చింది కాబట్టి రంగనాథన్ ఫ్రాన్సిస్. రంగూన్‌లో పుట్టి, మద్రాసు పోలీసులో పనిచేసి, గోల్‌కీపరుగా 1948 లండన్, 1952 హెల్సింకి, 1956 మెల్‌బోర్న్, మూడు ఒలింపిక్ స్వర్ణాలు పొందిన జట్లలో ఉన్నారు. మూడు! ఎగ్మూరు హాకీ స్టేడియంలో 2023లో ఆసియా చాంపియన్స్ ట్రోఫీ ఎంత ఘనంగా చేశారో నేను గ్యాలరీలో కూర్చుని చూశాను. మంచి ఏర్పాట్లు, కాదనను. నా పక్కన కూర్చున్న కాలేజీ కుర్రాడికి 1980 మాస్కోలో స్వర్ణం గెలిచిన జట్టు కెప్టెన్ వాసుదేవన్ భాస్కరన్ ఈ ఊరివాడని తెలుసు, బాగానే ఉంది. ఫ్రాన్సిస్ పేరు మాత్రం ఎన్నడూ వినలేదన్నాడు. వాడిది తప్పు కాదు. ఎక్కడ చదువుకుంటాడు వాడు?

ఇప్పుడు తెలుగులో ఎందుకు రాస్తున్నానో చెబుతాను.

1953 అక్టోబరు 1 వరకు సర్కారు జిల్లాలు, రాయలసీమ, నెల్లూరు అన్నీ మద్రాసు కిందే ఉండేవి. శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా ఎవడు పరుగెత్తినా, బరువెత్తినా, బంతి విసిరినా, పెద్ద పోటీ అంటే మద్రాసు రావాలి. వ్యాయామం నేర్పే ఉద్యోగం కావాలన్నా మద్రాసే. కోడి రామమూర్తి నాయుడు గారి పేరు మీరు వినకపోవచ్చు కానీ తెలుగు ఇళ్ళల్లో ఆయన్ను కలియుగ భీముడంటారు. వీరఘట్టంలో పుట్టిన ఆ మల్లయోధుడు సైదాపేటలో వ్యాయామ శిక్షణ తీసుకుని విజయనగరం వెళ్ళి డ్రిల్ మాస్టారయ్యారు. ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకున్నారని ఊరూరా చెప్పుకుంటారు. మా వృత్తి వాళ్ళకు ఆయనంటే కొంచెం గర్వం, ఏనుగు సంగతి ఎలా ఉన్నా. ఆయన సైదాపేటలో చదివిన రోజుల హాజరు పట్టీయో, మార్కుల పత్రమో ఎక్కడన్నా ఉంటే అది ఈ ఊళ్ళోనే ఉండాలి. విజయవాడలోనో హైదరాబాదులోనో వెతికితే దొరకదు.

1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో బరువులెత్తి పతకం తెచ్చిన దండమూడి రాజగోపాలరావు గారు తర్వాత సినిమాల్లో కూడా వేశారు. నర్తనశాలలో భీముడు ఆయనే. సినిమా 1963ది, ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు, టీవీలో వచ్చినప్పుడల్లా మా ఇంట్లో వంట ఆగిపోతుంది. భీముడి వేషం అందరికీ గుర్తుంది. ఆ కండలు మేకప్ కావని, దేశానికి పతకం తెచ్చినవని మా మనవడికి నేను చెబితే తప్ప తెలియలేదు.

సి.కె. నాయుడు గారున్నారు. నాగపూరులో పుట్టిన తెలుగువాడు, 1932లో లార్డ్స్‌లో భారత్ మొదటి టెస్టుకు కెప్టెన్. 1920లో చెపాక్‌లో ఆయన కొట్టిన సిక్సర్ గ్రౌండు దాటి అవతల ఎక్కడో కొబ్బరిచెట్టు దగ్గర పడిందని మద్రాసు పాతకాపులు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. చెప్పే మనిషిని బట్టి చెట్టు ఇంకొంచెం దూరం జరుగుతూ ఉంటుంది. ఆ రోజు స్కోరు పట్టీ ఒకటి, పేపరు కత్తిరింపు ఒకటి పక్కపక్కన పెట్టి చూపిస్తే చెట్టు ఒక్కచోట నిలబడుతుంది. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక 1953-54లో ఆంధ్ర జట్టు తన మొదటి రంజీ ఆడినప్పుడు, యాభై ఎనిమిదేళ్ళ వయసులో దానికి కెప్టెన్సీ చేసింది కూడా ఆయనే. అంతకు ముందు ఆ జిల్లాల తెలుగు కుర్రాడు ఎవడు రంజీ ఆడినా సాధారణంగా మద్రాసు టోపీతో ఆడినట్టే.

అందువల్ల ఆ కాలపు తెలుగు ఆటగాళ్ళ కాగితాలకు మీరే ధర్మకర్తలు, మీకు ఇష్టమున్నా లేకపోయినా. కన్నడ, మలయాళ జిల్లాలకూ ఇదే వర్తిస్తుంది. దక్షిణ కన్నడ, మలబారు కూడా అప్పుడు ఇక్కడిదే కదా. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో హర్డిల్స్ పరుగెత్తిన డాక్టర్ సి.కె. లక్ష్మణన్ కన్ననూరు మనిషి, మద్రాసు తరఫున వెళ్ళారు. ఆ జట్టు వెంట మేనేజరుగా వెళ్ళింది హ్యారీ బక్ అనే అమెరికన్, 1920లో ఇక్కడ వైఎంసీఏ వ్యాయామ కళాశాల పెట్టిన మనిషి. నందనంలో ఆ కాలేజీ చెట్లకింద నాలాంటి డ్రిల్ మాస్టర్లు ఎంతమంది తయారయ్యారో! నాలుగు రాష్ట్రాల బడుల్లో ఈలలు ఊదింది వాళ్ళే. తెలుగువాళ్ళని బుచ్చిబాబుకో, రామస్వామికో ప్రత్యేకంగా ఏదో చెయ్యమని నేను అడగడం లేదు. ఆ లెక్కన అడిగితే వాళ్ళకే చిన్నతనం. వాళ్ళు చేరదీసిన కుర్రాళ్ళను కులం, భాష చూసి చేరదీయలేదు.

క్రికెట్ గురించి ఎక్కువ రాశానని నాకూ తెలుసు. దానికి కారణం కూడా కాగితమే. క్రికెట్‌లో ప్రతి బంతీ ఎక్కడో ఒకచోట రాసిపెడతారు. మిగతా ఆటలకు ఆ అదృష్టం లేదు. కబడ్డీకి ఏముంది, గీత గీసి ఆడారు, గీత చెరిగిపోయింది. బాల్ బ్యాడ్మింటన్, వాలీబాల్, వ్యాసర్పాడి ఫుట్‌బాల్, కాశిమేడు వైపు బాక్సింగ్, క్యారమ్. మేరియా ఇరుదయం గారు 1991లోనూ 1995లోనూ క్యారమ్‌లో ప్రపంచ విజేత అయ్యారు, అర్జున అవార్డు వచ్చింది కాబట్టి ఆయన పేరు నిలిచింది. ఆయనకు ముందు ఉత్తర మద్రాసు సందుల్లో వీధిదీపం కింద ఆడి ఆడి ఆటకు ఒక పద్ధతి తెచ్చినవాళ్ళు ఎవరు? పెరంబూరులో 1955లో ఐసీఎఫ్ అనే రైలుపెట్టెల ఫ్యాక్టరీ మొదలయ్యాక ఆటలు ఆడేవాళ్ళకు ఉద్యోగాలు వచ్చాయి. వాలీబాల్ వాడు, హాకీ వాడు, కబడ్డీ వాడు పొద్దున డ్యూటీ, సాయంత్రం గ్రౌండు. అయనావరం, విల్లివాక్కం వైపు తెలుగు కుటుంబాల్లో ఆ రోజుల కప్పులు ఇప్పటికీ గూట్లో ఉంటాయి. కప్పు కింద చెక్కిన అక్షరాలు పాలిష్ పెట్టి పెట్టి అరిగిపోయాయి. ఆ ఇళ్ళు కూలగొట్టి ఫ్లాట్లు కడుతున్నారు. సామాను సర్దేటప్పుడు మొదట పోయేవి అట్టపెట్టెలో కాగితాలు.

ఆడవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. 1982లో న్యూజిలాండ్‌లో మహిళల క్రికెట్ ప్రపంచకప్ జరిగితే అందులో మద్రాసు వికెట్‌కీపర్ ఫౌజియే ఖలీలీ 20 మందిని ఔట్ చేశారు. ప్రపంచకప్ రికార్డు. ఆమె పేరు మీ కార్యాలయంలో ఎంతమంది విని ఉంటారు? ఇప్పుడు ఆడపిల్లలకు లీగ్ ఉంది, వేలం ఉంది, టీవీ ఉంది. అప్పుడు ఆడినవాళ్ళు ఎలా ప్రయాణం చేశారో, ఎవరి ఇంట్లో దిగారో, ఖర్చు ఎవరు పెట్టారో వాళ్ళు చెబితేనే తెలుస్తుంది. సంతోషం ఏమిటంటే వాళ్ళ తరం ఇంకా మనతో ఉంది. టేప్ రికార్డర్ కూడా అక్కర్లేదు, ఫోను చాలు.

రికార్డు ఉంటే ఏం ఒరుగుతుంది అని ఎవరైనా అధికారి అడగవచ్చు. చదరంగం చూడండి. 2022లో మామల్లపురంలో ఒలింపియాడ్ జరిపించారు, ప్రపంచమంతా వచ్చింది. ఆ రోజుల్లో గుర్రం బొమ్మకు పంచె కట్టి ఊరంతా నిలబెట్టారు, మా పిల్లలు దానితో ఫోటోలు దిగారు. ఈ ఊరి చదరంగం ఆ గుర్రంతో మొదలవలేదు. మాన్యుయెల్ ఆరన్ గారు 1961లో దేశంలోనే మొదటి ఇంటర్నేషనల్ మాస్టర్. తొమ్మిదిసార్లు జాతీయ చాంపియన్. 1962లో స్టాక్‌హోం ఇంటర్‌జోనల్‌లో, అంటే ప్రపంచ చాంపియన్‌షిప్‌కు అర్హత పోటీలో, చివరి స్థానంలో నిలిచినా, పోర్టిష్‌ను, ఉల్‌మన్‌ను ఓడించారు. వాళ్ళెవరో చదరంగం తెలిసినవాళ్ళను అడగండి, లేచి నిలబడతారు. తర్వాత ఇక్కడి సోవియట్ సాంస్కృతిక కేంద్రంలో ప్రపంచ చాంపియన్ మిఖాయిల్ తాల్ పేరు మీద చెస్ క్లబ్బు నడిచింది. అందులో ఆడిన ఒక చిన్న కుర్రాడు 1988లో దేశానికి మొదటి గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు, విశ్వనాథన్ ఆనంద్. చదరంగంలో ఈ వరస మనకు ఇంత స్పష్టంగా కనిపించేది ఎందుకంటే ఆ ఆటలో ఎత్తులు రాసుకోవడం నియమం. ఏ గది, ఏ పుస్తకాలు, ఏ పెద్దాయన వల్ల ఒక ఊళ్ళో ఒక ఆట నిలదొక్కుకుంటుందో తెలిస్తే, మీ శాఖ తర్వాతి రూపాయి ఎక్కడ పెట్టాలో కూడా తెలుస్తుంది.

ఎలా చెయ్యాలన్నది మీ అధికారులకు నాకంటే బాగా తెలుసు. అయినా డ్రిల్ మాస్టారి నోరు ఊరుకోదు. ఎగ్మూరులో హాకీ స్టేడియం ఉంది. అదే ఎగ్మూరులో తమిళనాడు ఆర్కైవ్స్ ఉంది, కన్నెమరా లైబ్రరీ ఉంది. మూడూ కూతవేటు దూరం. ఆర్కైవ్స్‌లో ప్రెసిడెన్సీ కాలం సర్కారు కాగితాలు, కన్నెమరాలో పాత పేపర్లు. ఆంధ్రపత్రిక 1914 నుంచి మద్రాసులోనే దినపత్రికగా అచ్చయింది, ఆ పేజీల్లో ఆటల వార్తలు ఎవరూ ఏరి పెట్టలేదు. తమిళ పుస్తకాలు స్కాన్ చేసి నెట్‌లో పెట్టే పని మీ ప్రభుత్వమే చాలాకాలంగా చక్కగా చేస్తోంది. ఆ మిషన్లు, ఆ మనుషులు ఉన్నారు. ఆటల కాగితాలకు వాళ్ళ దగ్గర ఒక బల్ల కేటాయించమంటే ఆకాశం విరిగిపడదు. తమిళం, తెలుగు, ఇంగ్లీషు, ఉర్దూ చదవగలవాళ్ళు నలుగురుంటే మొదలుపెట్టవచ్చు. జీతం లేకుండా పనిచెయ్యడానికి రిటైరయిన పీఈటీలం, అంటే డ్రిల్ మాస్టర్లం, మేమున్నాం, మాకు వేరే పని కూడా లేదు.

ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. కాగితాలు ఇచ్చినవాళ్ళకు అసలు వెంటనే తిరిగి ఇచ్చెయ్యాలి. స్కాన్ మాత్రం ఉంచుకోవాలి. ఈ ఊళ్ళో ఒక ఇంటి పెద్దాయన ఎగ్జిబిషన్‌కని ఎవరో అడిగితే తన బ్లేజరు, రెండు మెడల్స్ ఇచ్చారు. ఎగ్జిబిషన్ అయిపోయింది. బ్లేజరు తిరిగొచ్చింది, మెడల్స్ రాలేదు. అప్పట్నుంచి ఆ ఇంట్లో ఎవరికీ ఏదీ చూపించడం లేదు. ఎవరు అడిగారో రాసి గొడవ పెంచడం నా ఉద్దేశం కాదు. కానీ రశీదు ఇవ్వని పథకం ఇళ్ళ గుమ్మం దాటి లోపలికి పోలేదు. సర్కారు ముద్రతో రశీదు, వారంలో అసలు వాపసు, ఏది బయట పెట్టాలో ఇంటివాళ్ళ ఇష్టం. ఈ మూడింటికీ మీరు మాట ఇస్తే బీరువాలు వాటంతట అవే తెరుచుకుంటాయి.

పెద్ద సంఘాలు తమ కాగితాలు తామే చూసుకోగలవు, వాళ్ళకు డబ్బుంది. మొదట చిన్న క్లబ్బుల వైపు రండి. పెరంబూరు, రాయపురం, పాత చాకలిపేట, సైదాపేట. తొంభై దాటిన ఆటగాళ్ళ పేర్లు ఒక జాబితా రాయించండి, మొదటి ఏడాది వాళ్ళతోనే గడపండి. వాళ్ళతో మాట్లాడేటప్పుడు ఎన్ని గోల్స్ కొట్టారని అడిగితే మర్చిపోయామంటారు. బూట్లు ఎక్కడ కొన్నారు, మ్యాచ్ రోజు ఏం తిన్నారు, ఓడిపోతే ఇంటికి ఏ దారిన వచ్చారు అని అడిగితే ఆపకుండా చెబుతారు. మా పీఈటీలకు ఆ అడిగే పద్ధతి నేర్పే బాధ్యత నాది.

వచ్చే బడ్జెట్ డిమాండ్లలో మీ శాఖ పద్దు కింద దీనికి ఒక్క లైను చేర్చమని ప్రార్థన. ఎర్రగుడ్డ అట్ట పుస్తకం నా దగ్గరే ఉంది. బల్ల ఎక్కడ వేశారో కబురు చేస్తే, మొదటి రశీదు నేనే తీసుకుంటాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రిల్ మాస్టారు,
పెరంబూరు, చెన్నై